లూసీ రీ గిన్నెలు అంత పల్చగా ఎందుకుంటాయి

లూసీ రీ చేసిన గిన్నె ఏదైనా ఫొటోలో చూస్తే మొదట కన్ను పడేది దాని అడుగు మీద. పైన మూతి విశాలంగా విచ్చుకుని ఉంటుంది, గోడ బాగా పల్చగా ఉంటుంది, ఆ మొత్తం బరువు మాత్రం కింద చిన్న రింగు లాంటి పాదం మీద నిలబడి ఉంటుంది. తగిలితే ఒరిగిపోతుందేమో అనిపిస్తుంది కానీ ఒరగదు, ఎందుకంటే గోడ మందం కిందనుంచి పైకి వచ్చేకొద్దీ ఎంత తగ్గాలో ఆమె చేతికి తెలుసు. గత శతాబ్దపు స్టూడియో పాటరీ, అంటే ఫ్యాక్టరీలో కాకుండా కళాకారులు సొంత వర్క్‌షాప్‌లో చేతితో చేసే మట్టి సామాను అనగానే చెప్పుకునే నాలుగైదు పేర్లలో ఆమెది ఒకటి. ఆమె గురించి రాసేవాళ్ళు చాలామంది నాజూకుదనం, వియన్నా మోడర్నిజం అనే రెండు మాటలు చెప్పి ఊరుకుంటారు. అవి తప్పేం కాదు గానీ ఆ గిన్నెలు అలా ఎందుకు తయారయ్యాయో వాటితో అర్థం కాదు. పరాయి దేశం, ఇరుకు ఇల్లు, కరెంటు బట్టీ, యుద్ధం రోజుల్లో పొట్టకూటికి చేసిన కోటు బొత్తాలు, ఇవన్నీ కలిస్తేనే ఆ గిన్నె వచ్చింది.

ఆమె 1902 మార్చి 16న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టింది, పుట్టింటి పేరు గోంపెర్ట్స్. కలిగిన యూదు కుటుంబం, తండ్రి చెవి ముక్కు గొంతు డాక్టరు, ముగ్గురు పిల్లల్లో ఈమె చిన్నది. అన్న పౌల్ మొదటి ప్రపంచ యుద్ధంలో 1917లో ఇటలీ సరిహద్దు పోరులో చనిపోయాడు. 1922లో వియన్నాలో కళలూ చేతిపనులూ నేర్పే పెద్ద స్కూల్లో చేరి మైకేల్ పోవోల్నీ దగ్గర మట్టిపని నేర్చుకుంది. చదువు అయ్యీ అవకముందే, 1925 పారిస్ ఎగ్జిబిషన్‌కి ఆర్కిటెక్ట్ యోసెఫ్ హోఫ్‌మన్ ఆమె పని తీసుకెళ్ళాడు. 1926లో హన్స్ రీ అనే ఆయనతో పెళ్ళయింది. యువ ఆర్కిటెక్ట్ ఎర్న్‌స్ట్ ప్లిష్కే వాళ్ళ ఫ్లాట్‌కి వాల్‌నట్ చెక్కతో అల్మారాలూ బల్లలూ స్టూళ్ళూ అన్నీ కొలత పెట్టి చేశాడు. 1937 పారిస్ ఎగ్జిబిషన్‌లో సిల్వర్ మెడల్ వచ్చింది, అంటే 35 ఏళ్ళకే యూరప్‌లో తెలిసినవాళ్ళకి తెలిసిన పేరు. మరుసటి ఏడాది మార్చిలో ఆస్ట్రియాని హిట్లర్ జర్మనీలో కలిపేసుకున్నాడు, అక్టోబర్ కల్లా ఆమె లండన్‌లో ఉంది. భర్త అమెరికా వెళ్ళిపోయాడు, ఈమె లండన్‌లోనే ఆగిపోయింది, 1940లో వాళ్ళ పెళ్ళి చట్టపరంగా కూడా ముగిసింది.

1939లో హైడ్ పార్క్ దగ్గర ఆల్బియన్ మ్యూస్ అనే సందులో 18వ నంబరు ఇల్లు అద్దెకి తీసుకుంది. మ్యూస్ అంటే ఒకప్పుడు పెద్దింటివాళ్ళ గుర్రాలూ బగ్గీలూ కింద పెట్టి, పైన పనివాళ్ళు ఉండేలా కట్టిన వరుస ఇళ్ళు. కింద వర్క్‌షాప్, పైన కాపురం. వియన్నా ఫ్లాట్‌లోని ప్లిష్కే ఫర్నిచర్ మొత్తం విప్పించి తెప్పించుకుంటే, సిగ్మండ్ ఫ్రాయిడ్ కొడుకు, ఆర్కిటెక్ట్ ఎర్న్‌స్ట్ ఫ్రాయిడ్ దాన్ని ఈ కొత్త ఇంటికి సరిపోయేలా సర్దిపెట్టాడు. 1995 ఏప్రిల్ 1న చనిపోయేదాకా ఆమె ఆ ఇల్లు మారలేదు. సుమారు 56 ఏళ్ళు ఒకే చోట, ఒకే గది లోపల పని. ఈ ఇల్లు గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది, లండన్ నడిబొడ్డున అలాంటి సందులో కట్టెల బట్టీ పెట్టడం కుదిరే పని కాదు, పెడితే కరెంటుదే పెట్టాలి.

అప్పటి బ్రిటన్‌లో పాటరీ అంటే బెర్నార్డ్ లీచ్. ఆయన జపాన్‌లో నేర్చుకుని, 1920లో జపాన్ పాటర్ హమాదా షోజీతో కలిసి ఇంగ్లాండ్ కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్‌లో పాటరీ పెట్టాడు. పాత చైనా, కొరియా, జపాన్ కుండలూ, ఇంగ్లాండ్ పల్లెటూళ్ళ కుండలూ ఆయనకి ప్రమాణం. గోడ కాస్త మందంగా ఉండాలి, రంగులు మట్టి రంగులై ఉండాలి, పట్టుకుంటే చేతికి బరువు తెలియాలి. ఆ కళ్ళతో చూస్తే వియన్నా నుంచి వచ్చిన ఈ పల్చటి కుండలు ఆయనకి నచ్చలేదు, నచ్చలేదని ఆమెకే చెప్పాడు కూడా. లీచ్ చెడ్డవాడేం కాదు, తర్వాత జీవితాంతం మంచి స్నేహితుడిగానే ఉన్నాడు, కాకపోతే దేశం గాని దేశంలో కొత్తగా వచ్చిన మనిషికి ఆ రంగంలో అందరికంటే పెద్దాయన అలా అంటే ఎలా ఉంటుంది? పారిస్‌లో మెడల్ తెచ్చుకున్న మనిషి కొన్నేళ్ళపాటు తన చేతిని తనే నమ్మకుండా లీచ్ పద్ధతిలో మందపాటి కుండలు చెయ్యడానికి ప్రయత్నించింది. అవి ఆమెకి కుదరలేదు.

ఈలోపు ఇల్లు గడవాలి కదా, అక్కడికే బొత్తాల పని వచ్చింది.

ఫ్రిట్స్ లాంపుల్ అనే ఇంకో వియన్నా శరణార్థి లండన్‌లో గాజు బొత్తాలు చేయించేవాడు, ముందు ఆయన దగ్గర పనిచేసి తర్వాత తనే సొంతంగా మట్టి బొత్తాలు మొదలుపెట్టింది. యుద్ధం వల్ల మంచి బొత్తాలు దొరకడం కష్టమైంది, పెద్ద పెద్ద ఫ్యాషన్ హౌస్‌ల వాళ్ళకి మాత్రం ఒక్కో కోటుకి ఒక్కో రకం కావాలి. మట్టిని ప్లాస్టర్ అచ్చుల్లో నొక్కి తీసి, గ్లేజ్ (కాలాక గాజులా గట్టిపడే పూత) వేసి, చిన్న బట్టీలో కాల్చేవాళ్ళు. మధ్యలో కొంతకాలం యుద్ధ అవసరాల కోసం ఆప్టికల్ పరికరాల ఫ్యాక్టరీలో పని చెయ్యాల్సి వచ్చింది, యుద్ధం అయ్యాక బొత్తాల వర్క్‌షాప్ మళ్ళీ ఊపందుకుంది, అక్కడ పని చెయ్యడానికి వచ్చేవాళ్ళలో కూడా తనలాగా దేశం వదిలి వచ్చినవాళ్ళే చాలామంది.

ఆమె జీవితం గురించి చెప్పేటప్పుడు ఈ బొత్తాల సంగతి ఒక కష్టకాలపు కథలాగా, అసలు పని మొదలయ్యేలోపు నెట్టుకొచ్చిన రోజుల్లాగా చెప్పేస్తుంటారు. అలా చూస్తే చాలా మిస్సవుతాం. బొత్తాం అంటే బట్ట రంగుకి మ్యాచ్ అవ్వాలి. డిజైనర్ ఒక గుడ్డముక్క పంపిస్తాడు, ఆ గులాబీ రంగో ఆ ఆకుపచ్చో కరెక్ట్‌గా గ్లేజ్‌లో రావాలి, రాకపోతే ఆర్డర్ పోతుంది. గ్లేజ్ అనేది పెయింట్ లాంటిది కాదు, పూసేటప్పుడు ఉన్న రంగు కాలిన తర్వాత ఉండదు, రాగి, కోబాల్ట్, మాంగనీస్, ఐరన్ ఆక్సైడ్లు ఏ పాళ్ళలో కలిస్తే ఏ వేడికి ఏ రంగు వస్తుందో చేసి చూసి తెలుసుకోవాల్సిందే. గిన్నె మీద ప్రయోగం చేసి అది పోతే గిన్నె పోయినట్టే, అదే బొత్తాం అయితే ఒక్కసారి బట్టీ వేస్తే వరసగా ఎన్నో రంగులు పరీక్షించొచ్చు, పైగా ఎవరో డబ్బులిస్తుంటే! తర్వాత 40 ఏళ్ళ పాటు ఆమె గిన్నెల మీద కనిపించే గులాబీలూ, నిమ్మపసుపులూ, నీలి ఆకుపచ్చలూ ఈ బొత్తాల నుంచి పెరిగినవే అనుకోవడం న్యాయం. లీచ్ బడిలో ఎవరికీ అంత పెద్ద రంగుల పెట్టె లేదు.

1946లో హన్స్ కోపర్ అనే 26 ఏళ్ళ కుర్రాడు బొత్తాల పనికి వచ్చాడు. జర్మనీ నుంచి 1939లో పారిపోయి వస్తే బ్రిటన్ వాళ్ళు శత్రుదేశస్థుడని నిర్బంధించి కెనడా పంపించారు, తిరిగొచ్చి సైన్యంలో చేరి కూలిపనులు చేశాడు. శిల్పి అవ్వాలని ఉండేది, మట్టి మాత్రం ఎప్పుడూ ముట్టలేదు. లూసీ అతన్ని కుమ్మరి సారె మీద పని నేర్చుకోమని వేరే టీచర్ దగ్గరికి పంపింది, కొద్దికాలంలోనే అతను ఆమెకి సమానంగా పనిచేసే స్థాయికి వచ్చేశాడు. ఇద్దరూ కలిసి 1950ల్లో కాఫీ సెట్లూ, టీ సెట్లూ, సలాడ్ గిన్నెలూ చేసి పెద్ద షాపులకి అమ్మారు. ఆ కప్పు ఒకటి తిరగేసి చూస్తే అడుగున రెండు ముద్రలు కనిపిస్తాయి, ఒకటి ఆమెది, ఒకటి అతనిది. యజమానురాలు, పనివాడు అనే లెక్క లేకుండా పచ్చిమట్టిలో పక్కపక్కన నొక్కిన ముద్రలవి. లీచ్ దారి నీది కాదు, నీ పని నువ్వు చెయ్యి అని గట్టిగా చెప్పింది కూడా కోపరే, ఆ మాట అతను అని ఉండకపోతే ఇవాళ మనం మాట్లాడుకుంటున్న గిన్నెలు ఉండేవి కావేమో. 1950ల చివర్లో అతను సొంత స్టూడియోకి వెళ్ళిపోయాడు, 1981లో చనిపోయేదాకా ఇద్దరూ ఆప్తులే. అతను కళాకారుడు, నేను వట్టి కుండలు చేసేదాన్ని అన్నట్టు ఆమె మాట్లాడేది. అతని పని గొప్పదే, కానీ ఆ విషయంలో ఆమె మాట నమ్మక్కర్లేదు.

ఇప్పుడు అసలు పని ఎలా జరిగేదో దగ్గర్నుంచి చూద్దాం. 1948లో ఆమె ఎక్కువ వేడి తట్టుకునే కరెంటు బట్టీ కొనుక్కుంది, పైనుంచి మూత తీసి లోపలికి సామాను దించే రకం. దాంతో స్టోన్‌వేర్‌లోకి వచ్చింది. మన ఊళ్ళల్లో కుమ్మరి చేసే కుండ 1000 డిగ్రీల లోపే కాలుతుంది, నీళ్ళు చెమర్చి చల్లగా ఉంటాయి. స్టోన్‌వేర్ 1250 డిగ్రీల దాకా వెళ్తుంది, అక్కడ మట్టి రాయిలా గట్టిపడి నీళ్ళు పీల్చడం దాదాపు ఆగిపోతుంది. ఆవకాయ పెట్టుకునే తెల్ల గోధుమ రంగు జాడీ ఉంది కదా, అది స్టోన్‌వేరే. అంతగా కాలిన మట్టికి బలం ఉంటుంది కాబట్టి గోడ పల్చగా చేసినా నిలుస్తుంది. ఆమె పల్చదనానికి ఇది ఒక కారణం.

కరెంటు బట్టీలో మంట ఉండదు, తీగలు వేడెక్కుతాయి అంతే, లోపల గాలిలో ఆక్సిజన్ ఎప్పుడూ ఉంటుంది. లీచ్, హమాదా లాంటివాళ్ళు కట్టెలతోనో నూనెతోనో కాల్చేవాళ్ళు, మధ్యలో గాలి తగ్గిస్తే మంట ఆక్సిజన్ కోసం గ్లేజ్‌లోని ఆక్సైడ్ల మీద పడుతుంది, అప్పుడే రాగి ఎర్రగా, ఇనుము బూడిదాకుపచ్చగా మారుతుంది. తూర్పు దేశాల సంప్రదాయంలో ఇష్టంగా చూసే రంగులు చాలావరకు అలా వచ్చినవే. కరెంటు బట్టీలో ఆ ఆట లేదు. అందుకే చాలాకాలం పాటు పాటర్లు కరెంటు బట్టీని తక్కువగా చూసేవాళ్ళు, ఇప్పటికీ అలా అనేవాళ్ళు ఉన్నారు. లూసీ రీ ఆ లేని రంగుల కోసం వెంపర్లాడలేదు. ఆక్సిజన్ ఉన్న బట్టీలో ఏం వస్తుందో దాన్నే చివరిదాకా తవ్వుకుంటూ పోయింది, బొత్తాల రంగుల అనుభవం ఇక్కడే అక్కరకొచ్చింది.

రెండోది, ఆమె కుండని ఒక్కసారే కాల్చేది. మామూలుగా స్టూడియోల్లో ముందు పచ్చి కుండని 1000 డిగ్రీల దాకా కాలుస్తారు, అది గట్టిపడి నీళ్ళు పీల్చుకునేలా తయారవుతుంది, అప్పుడు గ్లేజ్ బకెట్లో ముంచి తీసి మళ్ళీ కాలుస్తారు. సేఫ్ పద్ధతి అది. ఆమె ఆరిన పచ్చి కుండనే సారె మీద పెట్టి తిప్పుతూ బ్రష్షుతో చిక్కటి గ్లేజ్ పూసేసేది. ఇందులో ప్రమాదం ఏంటంటే పచ్చిమట్టికి తడి తగలగానే ఉబ్బుతుంది, పల్చటి గోడ అయితే మెత్తబడి కూలిపోవచ్చు, అంచు పగలొచ్చు, గ్లేజ్ ఆరాక పెచ్చులు రాలొచ్చు. గ్లేజ్‌లో తగినంత మట్టి ఉంటేనే అది కుండతో పాటు ముడుచుకుంటుంది. ఇంత రిస్కు ఎందుకంటే కరెంటు ఆదా, టైము ఆదా, ఇంకా ముఖ్యంగా ఒకే కాల్పులో మట్టీ గ్లేజూ కలిసి పక్వానికి వస్తాయి, ఒకదాని లోకి ఒకటి దిగిపోతాయి. ఆమె గిన్నెల మీద గ్లేజ్ పైన వేసిన పొరలా కాకుండా మట్టి లోపల్నుంచి ఊరినట్టు కనిపించేది అందుకే. బ్రష్షుతో పూసింది కాబట్టి ఒకచోట మందం, ఒకచోట పల్చన, ఆ తేడాలన్నీ కాలాక రంగు తేడాలుగా తేలతాయి.

తెల్ల గిన్నె అంచు దగ్గర గోధుమ రంగు గీత ఒకటి తరచుగా కనిపిస్తుంది. అది మాంగనీస్. అంచుకి మాంగనీస్ పూస్తే వేడికి అది కరిగి, పక్కనున్న తెల్ల గ్లేజ్‌లోకి సన్నగా జారుతుంది, కాఫీ మరక అంచులాగా ఉంటుంది ఆ జారిన చోటు. అదే మాంగనీస్‌కి రాగి కలిపి ఎక్కువగా వేస్తే 1250 డిగ్రీల దగ్గర బాగా పల్చబడి కిందికి పారుతుంది, చల్లారాక పాత కంచు, బంగారం మధ్య రంగులో మెరుస్తుంది. ఆమె చివరి రోజుల గిన్నెల్లో ఈ బంగారు అంచు, దాని కింద గులాబీయో నీలమో, బాగా పేరు తెచ్చిన కాంబినేషన్.

గుంటలు గుంటలుగా, అగ్నిపర్వతం రాయిలా ఉండే గ్లేజ్ ఆమె మరో ముద్ర. అందులో రహస్యం సిలికాన్ కార్బైడ్, ఉప్పుకాగితం మీద ఉండే గరుకు పొడే అది. వేడిలో అది ఆక్సిజన్‌తో కలిసి వాయువు వదులుతుంది, కరిగిన గ్లేజ్‌లోంచి ఆ బుడగలు పైకొచ్చి పేలి గుంటలు మిగులుతాయి. ఫ్యాక్టరీలో అయితే బుడగ వచ్చిన కప్పుని పక్కన పడేస్తారు, ఆమె ఆ బుడగ ఎంత లోతుగా రావాలో ఎక్కడ ఆగాలో నిర్ణయించుకుని మరీ చేసింది. కొన్ని పొడవాటి కూజాల్లో రంగు మట్టిని తెల్లమట్టితో కలిపి సారె మీద లాగేది, చెయ్యి పైకి వెళ్ళేకొద్దీ ఆ రంగు మెలితిరిగి పైకి పాకుతుంది, కాలాక గ్లేజ్‌లోంచి ఆ మెలిక బయటికి కనిపిస్తుంది. పెద్ద కూజాల మెడ, ఒళ్ళు విడివిడిగా చేసి తర్వాత అతికించేది.

ఆ సన్నటి గీతల కథ కూడా చెప్పాలి. 1948లో ఎవ్‌బరీ అనే ఊళ్ళో, పాత రాతి వలయాలకి పేరున్న చోటు అది, అక్కడి మ్యూజియంలో కంచుయుగపు కుండలూ, వాటి పక్కనే వాటి మీద గీతలు గీయడానికి వాడిన పక్షి ఎముకలూ చూసింది. ఇంటికొచ్చి ఎముకకి బదులు సూది పట్టుకుంది. కుండకి మాంగనీస్ పూసి, ఆరాక సూదితో గీకుతూ పోతే కింద తెల్లమట్టి బయటపడుతుంది. స్కేలు లేదు, కొలత లేదు, గిన్నె వంపుని బట్టి గీత దూరం మారుతుంటుంది, రెండు గీతలు కలిసే చోట కొద్దిగా తప్పుతుంది, ఆ తప్పడంలోనే చెయ్యి తెలుస్తుంది. దీన్నే తిరగేసి, తెల్లమట్టి మీద గీతలు చెక్కి అందులో రంగు నింపే పద్ధతి కూడా చేసింది.

కప్పులు వేరు, కళ వేరు అని విడదీసేవాళ్ళకి ఆమె పని ఇబ్బందే. అదే సారె, అదే గ్లేజ్, అదే బట్టీ, ఒకే అరలో పాల జగ్గూ ఉంటుంది, ఎగ్జిబిషన్ గిన్నే ఉంటుంది. సలాడ్ గిన్నెకి ఒకవైపు అంచుని వేలితో నొక్కి పోసుకునే మూతి పెట్టేది, ఆ నొక్కుడుకి గిన్నె మొత్తం కొద్దిగా కోలగా అవుతుంది, తర్వాత వాడకానికి కాకుండా చేసిన గిన్నెల్లో కూడా ఆ కోల ఆకారం వస్తుంది. అంటే వాడే సామానులోంచే ఆకారం పుట్టింది. 1967లో ఆర్ట్స్ కౌన్సిల్ ఆమె మొత్తం పనితో ప్రదర్శన పెట్టింది, 1960 నుంచి 1972 దాకా కాంబర్‌వెల్ ఆర్ట్ స్కూల్లో పాఠాలు చెప్పింది, 1991లో బ్రిటన్‌లో ఆడవాళ్ళకి ఇచ్చే గౌరవ బిరుదు డేమ్ ఇచ్చారు. 1982లో బీబీసీ కోసం డేవిడ్ అటెన్‌బరో ఆమెని ఇంటర్వ్యూ చేశాడు, అందులో 80 ఏళ్ళ ఆ చిన్న మనిషి బట్టీ లోపలికి దాదాపు తలకిందులుగా వంగి అడుగున ఉన్న కుండ అందుకోవడం చూడాలి, వివరంగా మాట్లాడమంటే మాత్రం మాట్లాడదు.

బొత్తాలు మళ్ళీ బయటికొచ్చింది జపాన్ వల్ల. డిజైనర్ ఇస్సే మియాకే 1980ల్లో లండన్‌లో ఆమె పని చూసి ఇంటికే వెళ్ళి కలిశాడు, 1989లో టోక్యో, ఒసాకాల్లో పెద్ద ప్రదర్శన పెట్టించాడు, జపాన్ ఆర్కిటెక్ట్ తడావో ఆండో దానికి డిజైన్ చేశాడు. 1940ల నాటి ఆమె బొత్తాలు తీసుకుని మియాకే తన కోట్లకి కుట్టించాడు, ఆమె వీలునామాలో ఆ బొత్తాల సేకరణ అతనికే రాసిచ్చింది. 1990లో పక్షవాతం వచ్చాక ఆమె ఇక పని చెయ్యలేకపోయింది. స్టూడియోని తర్వాత లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో తిరిగి అమర్చారు, వియన్నా నుంచి వచ్చిన ఫర్నిచర్ వియన్నాకే తిరిగి వెళ్ళింది.

మన దేశంలో స్టూడియో పాటరీకి ఆమె దారి అంతగా రాలేదు, దానికీ కారణం ఉంది. ఢిల్లీలో ఈ రంగానికి ఆద్యుడైన సర్దార్ గురుచరణ్ సింగ్ కుర్రతనంలో జపాన్ వెళ్ళి నేర్చుకున్నాడు, అక్కడ లీచ్, హమాదా వాళ్ళతో పరిచయం. 1971లో పాండిచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టిన ఇద్దరు అమెరికన్లలో డెబొరా స్మిత్ జపాన్‌లో కుండలకి పేరున్న బిజెన్‌లో పనిచేసి వచ్చింది. ఆ రెండు చోట్ల నుంచి నేర్చుకున్నవాళ్ళే తర్వాత చాలామందికి గురువులయ్యారు, కాబట్టి మంట, బూడిద, మట్టి రంగులు మనవాళ్ళ చేతుల్లోకి ముందు వచ్చాయి. ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు లాంటి చోట్ల అపార్ట్‌మెంట్లోనో మేడ మీదో చిన్న కరెంటు బట్టీ పెట్టుకుని మొదలుపెట్టేవాళ్ళకి మాత్రం అందరికంటే దగ్గరి మనిషి లూసీ రీనే, ఆమె పరిస్థితీ ఇదే కదా. ఆమె గ్లేజ్‌లు ప్రయత్నించాలనుకునేవాళ్ళు రెండు విషయాలు మర్చిపోకూడదు. మాంగనీస్ పొడి పీల్చినా, కాలేటప్పుడు వచ్చే పొగ పీల్చినా నరాలకి ప్రమాదం, మాస్కు పెట్టుకోవాలి, బట్టీ ఉన్న గదిలో నిద్రపోకూడదు, గాలి బయటికి లాగే ఫ్యాన్ తప్పనిసరి. ఆ బంగారు మాంగనీస్ రాగి గ్లేజ్‌ని తినే గిన్నె లోపల వెయ్యొద్దు, చింతపండు, నిమ్మ, పెరుగు లాంటి పులుపు తగిలితే ఆ లోహాలు తిండిలోకి దిగుతాయి. టేబుల్ సామానుకి ఆమె వాడిన తెల్ల గ్లేజ్ లాంటిదే మొదట పట్టుకోవడం మంచిది, పచ్చి కుండ మీద బ్రష్షుతో పూయడం కూడా ముందు అరచేతిలో పట్టే చిన్న కప్పుల మీద అలవాటు చేసుకుని, గోడ ఎంత తడి తట్టుకుంటుందో చేతికి తెలిశాక పెద్ద గిన్నెల మీదికి వెళ్ళొచ్చు.